1980ల తెలుగు సినిమా రీరికార్డింగ్: మీకు నచ్చిన వాటి జాబితా తయారు చేసుకోవడం ఎలా

ఫలానా దశాబ్దపు సినిమా సంగీతంలో మీకు నచ్చినవి చెప్పమంటే నోటికి ముందుగా వచ్చేవి పాటలే. 1980ల తెలుగు సినిమాల విషయంలో ఈ అలవాటు మరీ బలమైనది, ఎందుకంటే ఆ రోజుల్లో క్యాసెట్ల రూపంలోనూ ఎల్పీ రికార్డుల రూపంలోనూ ఇళ్లకు చేరింది పాటలే. పాత్రలు మాట్లాడుకునేటప్పుడు, మాటలు ఆగినప్పుడు, పేర్లు పడేటప్పుడు వినిపించిన సంగీతం మాత్రం సినిమాలోనే ఉండిపోయింది. పరిశ్రమలో దానిని రీరికార్డింగ్ అంటారు, క్లుప్తంగా ఆర్ఆర్ అని కూడా అంటారు; ఈ తరం వారికి అదే బీజీఎం, అంటే నేపథ్య సంగీతం. ఆకాశవాణిలో సంక్షిప్త శబ్దచిత్రాలు విన్నవారికి ఈ సంగీతం కొంత పరిచయమే, కాని అక్కడ కూడా అది సంభాషణల వెనుక దాగి వినిపించేది. ఈ రీరికార్డింగులలో మీకు నిజంగా నచ్చినవి ఏవో తేల్చుకుని, పదిమందికి చూపించగలిగిన జాబితాగా రాసుకోవడానికి నేను పాటించే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. దీనికి సంగీత శిక్షణ అవసరం లేదు. ఓపిక, మంచి ఇయర్‌ఫోన్లు, ఒక నోటుపుస్తకం ఉంటే చాలు.

ముందు హద్దులు గీసుకోండి

దశాబ్దం అంటే 1980 జనవరి నుంచి 1989 డిసెంబరు వరకు అని నేను లెక్క వేసుకుంటాను. మీరు 1981 నుంచి 1990 వరకు అనుకున్నా తప్పు లేదు, కాని ఒకసారి అనుకున్న తరువాత ఒక సినిమాను ఇరికించడం కోసం హద్దు జరపకూడదు. సంవత్సరం అంటే విడుదలైనదా, సెన్సారు అయినదా అన్నది కూడా ముందే తేల్చుకోవాలి. శంకరాభరణం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. అయినా ఆ చిత్రానికి కె.వి. మహదేవన్ అందుకున్న జాతీయ పురస్కారం 1979వ సంవత్సరపు చిత్రాల లెక్కలోది, ఎందుకంటే ఆ పురస్కారాలకు సెన్సారు అయిన సంవత్సరమే లెక్క. విడుదలను ప్రమాణంగా తీసుకుంటే అది మీ జాబితాకు తొలి అభ్యర్థి, సెన్సారును తీసుకుంటే ముందు దశాబ్దానికి వెళ్లిపోతుంది. నేను విడుదల తేదీనే పాటిస్తాను, ఎందుకంటే ప్రేక్షకుడి చెవికి ఆ సంగీతం చేరింది ఆ రోజునే.

తరువాత పాటను, రీరికార్డింగును విడదీయండి. పాట మొదలైన క్షణం నుంచి ముగిసే క్షణం వరకు ఉన్నదంతా పక్కన పెట్టి, మిగిలిన దానినే తూకం వేయాలి. ఇది వినడానికి తేలికగా ఉంటుంది గాని చేసేటప్పుడు మనసు ఒప్పదు. నేను మొదటిసారి జాబితాను జ్ఞాపకం మీదనే రాశాను. ఆ సినిమాలను మళ్లీ చూస్తే వాటిలో సగానికి పైగా పాటల వల్లనే చోటు సంపాదించాయని తేలింది. ఒక చిత్రంలోనైతే, నాకు ప్రాణప్రదమైన నాలుగు పాటలు తీసేస్తే మిగిలిన సంగీతమంతా ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన తునకల్లాగా వినిపించింది.

పురస్కారాల పట్టికను చూసి ఎంచుకుందామనుకుంటే అదీ పూర్తిగా దారి చూపదు. 1982కు మేఘసందేశంతో రమేష్ నాయుడు, 1983కు సాగరసంగమంతోనూ 1988కి రుద్రవీణతోనూ ఇళయరాజా జాతీయ స్థాయిలో ఉత్తమ సంగీత దర్శకులుగా ఎంపికయ్యారు. అయితే ఆ పురస్కారాలు సంగీత దర్శకత్వానికి మొత్తంగా ఇచ్చినవి. పాటలకూ నేపథ్య సంగీతానికీ వేరువేరుగా ఇవ్వడం స్థిరపడింది చాలా కాలం తరువాత. కాబట్టి ఆ చిత్రాలను తప్పక వినండి, కాని వాటికి ముందే మార్కులు వేసి పెట్టకండి.

వినవలసిన సినిమాలను పోగు చేయడం

పది లేదా పన్నెండు సినిమాలతో మొదలుపెట్టండి, అంతకు మించితే ఒక్కొక్కదానిని మూడుసార్లు చూడడం కుదరదు. ఒకే రకం కథలు కాకుండా జాగ్రత్తపడాలి, ఎందుకంటే హాస్యానికి చేసే రీరికార్డింగు వేరు, భయానికి చేసేది వేరు, ఏమీ జరగని సన్నివేశానికి చేసేది అన్నిటికన్నా కష్టమైనది. నా మొదటి సంచిలో వేసుకున్నవి ఇవి: సంగీతమే కథా వస్తువైన శంకరాభరణం, నాట్యం వస్తువైన సాగరసంగమం, జంధ్యాల దర్శకత్వంలో రమేష్ నాయుడు సంగీతం చేసిన శ్రీవారికి ప్రేమలేఖ, వంశీ దర్శకత్వంలో ఇళయరాజా చేసిన సితార, అన్వేషణ, సింగీతం శ్రీనివాసరావు తీసిన మాటల్లేని చిత్రం పుష్పక విమానం, దశాబ్దం చివరి సంవత్సరమైన 1989లో వచ్చిన గీతాంజలి, శివ. ఈ పేర్లలో ఎక్కువ భాగం ఒకే సంగీత దర్శకుడివి, ఇళయరాజావి అని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది, నిజాయితీగా విన్న తరువాత కూడా ఆ నిష్పత్తి పెద్దగా మారలేదు. అయినా కె.వి. మహదేవన్, రమేష్ నాయుడు, చక్రవర్తి, సత్యం చేసిన చిత్రాల నుంచి కనీసం మూడింటినైనా పోగులో ఉంచుకుంటే పోల్చడానికి కొలబద్ద దొరుకుతుంది.

ఏ కాపీ చూస్తున్నారో గమనించండి

ఈ పనిలో అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. టీవీ కోసం, వీడియో కోసం దానిని మార్చేటప్పుడు చాలాసార్లు సెకనుకు 25 ఫ్రేములు చేశారు. అప్పుడు 150 నిమిషాల సినిమా 144 నిమిషాలలో అయిపోతుంది. దానితో పాటు శ్రుతి కూడా హార్మోనియం మీద ఒక మెట్టులో ముప్పావు వంతుకు కొంచెం తక్కువగా పైకి జరుగుతుంది. కళ్లకు ఈ తేడా తెలియదు. చెవికి మాత్రం వాయులీనాలు కాస్త పలచబడినట్టు, తాళం కాస్త తొందరపడుతున్నట్టు ఉంటుంది. ఒకసారి ఒక మిత్రుడితో ఒక బిట్ (రీరికార్డింగులోని ఒక చిన్న ముక్క) ఏ శ్రుతిలో ఉందన్న దానిపై గంటసేపు వాదించి, చివరకు ఇద్దరం వేర్వేరు వేగాల కాపీలు విన్నామని తెలుసుకుని నాలుక కరుచుకున్నాను.

దీనికి పరీక్ష సులువే. సినిమాలోని ఒక పాటను, అదే పాట విడిగా విడుదలైన రికార్డింగును పక్కపక్కన పెట్టి వినండి. పల్లవి తొలి స్వరాన్ని హార్మోనియం మీదనో ఫోనులోని శ్రుతి చూపే యాప్‌లోనో సరిచూడండి. సినిమాలోని పాట పైశ్రుతిలో వినిపిస్తే, వీడియో ప్లేయరులో వేగాన్ని 0.96కు తగ్గించుకుని చూడండి. అయితే వేగం తగ్గించినా శ్రుతిని మార్చకుండా ఉంచే ప్లేయర్లు ఉంటాయి కాబట్టి ఆ సౌకర్యాన్ని ఆపి ఉంచాలి. పాత క్యాసెట్టును మాత్రం ప్రమాణంగా తీసుకోకండి, టేప్ రికార్డరు మోటారు ఇష్టాన్ని బట్టి దాని శ్రుతి మారుతూ ఉంటుంది.

నిడివిని కూడా చూసుకోండి. సినిమా మొదట్లో కనిపించే సెన్సారు పత్రం మీద రీళ్ల సంఖ్య, నిడివి ఉంటాయి. 1,000 అడుగుల రీలు సుమారు 11 నిమిషాలు నడుస్తుంది కాబట్టి రెండున్నర గంటల సినిమాకు దాదాపు 14 రీళ్లు అవుతాయి. మీ కాపీ అంతకంటే ఇరవై నిమిషాలు తక్కువగా ఉంటే ఎవరో కత్తెర వేశారన్నమాట, ఆ కత్తెర సాధారణంగా పడేది మాటల్లేని సన్నివేశాల మీదనే. మనకు కావలసినవీ అవే. ‘కొత్తగా డిజిటల్ శబ్దం’ అని చెప్పుకునే కాపీలలో పాత మోనో (అన్ని శబ్దాలూ ఒకటిగా కలిసిన) ట్రాకు మీద కొత్త చప్పుళ్లు చేర్చి ఉండే అవకాశం ఉంది. అటువంటివి తీర్పుకు పనికిరావు. గీతలు పడిన పాత ప్రింటు కనబడితే దానినే చూడండి. అందులో రీలు ముగిసే ముందు తెర కుడివైపు పై మూలన క్షణకాలం మెరిసే చుక్క కనిపిస్తే మరీ మంచిది, ఎందుకంటే సంగీత దర్శకుడు పని చేసింది రీలు రీలుగానే.

ఆ పని ఎలా సాగేదో తెలిస్తే వినడం మారుతుంది. ఎడిటింగ్ అయిన రీలును తెర మీద వేసి సంగీత దర్శకుడు చూసేవారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో నిర్ణయించుకుని వాద్యబృందానికి రాసి ఇచ్చేవారు. ఇళయరాజా ఏ వాద్యానికి ఏ స్వరాలో పాశ్చాత్య లిపిలో తానే కాగితం మీద పెడతారని సంగీతకారులు తరచుగా చెబుతారు. వాద్యకారులు ఒకచోట కూర్చుని, బొమ్మ నడుస్తుండగా వాయించేవారు. ఆ తరువాత మాటలు, చప్పుళ్లు, సంగీతం అన్నీ కలిపి, చాలా సినిమాలకు ఒకే మోనో ట్రాకుగా ఫిల్ము అంచున అచ్చువేసేవారు. అందువల్ల ఇప్పుడు సంగీతాన్ని మాటల నుంచి శుభ్రంగా విడదీయడం సాధ్యం కాదు. గొంతును తీసేసే కొత్త సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గాని, అవి గొంతుతో పాటు వేణువు కొసలను కూడా కొరికేస్తాయి. వాటి జోలికి పోకుండా ఉన్నది ఉన్నట్టుగా వినడమే మేలు.

మూడుసార్లు చూడడం

మొదటిసారి నోటుపుస్తకం తెరవకుండా, మామూలు ప్రేక్షకుడిలాగా చూడండి. మర్నాడు ఉదయం గుర్తున్న బిట్‌లను మాత్రం రెండు మూడు మాటలలో రాసుకోండి. గుర్తు లేకపోవడం సంగీతానికి లోపమేమీ కాదు, చాలాసార్లు అది తన పని తాను చేసి తప్పుకుందని అర్థం.

రెండవసారి ఇయర్‌ఫోన్లతో, పుస్తకంతో కూర్చోండి. పేజీని నాలుగు నిలువు గడులుగా విడదీసి, సమయం, వాద్యం, సన్నివేశం, సంగీతం ఎందుకు ఆగింది అన్నవి రాయండి. ఈ నాలుగో గడి అన్నిటికన్నా విలువైనది. సంగీతం మొదలవడాన్ని అందరూ గమనిస్తారు, ఆగడాన్ని ఎవరూ గమనించరు. తలుపు తెరుచుకుందా, ఎవరైనా ఒక మాట అన్నారా, షాటు మారిందా, లేక కారణమేమీ లేకుండా నెమ్మదిగా మాయమైందా అన్నది రాసుకుంటూ పోతే, ఒక్క సినిమా పూర్తయ్యేసరికి ఆ సంగీత దర్శకుడి మనస్తత్వం మీకు కొంత అందుతుంది.

మూడవసారి సినిమా మొత్తం అక్కర లేదు. మీరు గుర్తు పెట్టుకున్న నాలుగైదు సన్నివేశాలను రెండు విధాలుగా పరీక్షించండి: ఒకసారి తెర ఆపేసి శబ్దం మాత్రమే, ఒకసారి శబ్దం ఆపేసి బొమ్మ మాత్రమే. బొమ్మ ఒక్కటే చాలిన సన్నివేశానికి సంగీతం ఏమి చేర్చిందో అప్పుడు తెలుస్తుంది. ఏమీ చేర్చలేదని కూడా తెలియవచ్చు.

ఈ సాధనకు పుష్పక విమానాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు. 1987లో వచ్చిన ఈ చిత్రంలో సంభాషణలు లేవు, ఎల్. వైద్యనాథన్ సంగీతం ఉంది. మాటలు లేవు కాబట్టి ప్రతి చప్పుడూ లెక్కలోకి వస్తుంది. సినిమా హాలు పక్కనున్న చవక గదిలో ఆ హాలు రొద మధ్య నిద్రపోవడానికి అలవాటుపడిన నిరుద్యోగి, ఖరీదైన హోటల్లోని నిశ్శబ్దానికి నిద్ర పట్టక, ఆ రొదనే టేపులో ఎక్కించుకుని వచ్చి వింటూ నిద్రపోయే ఘట్టం చూడండి. అక్కడ నవ్వు పుట్టించేది టేపులోని గోలే. సంగీతం ఎక్కడ ఉండకూడదో తెలిసినవారే అటువంటి సన్నివేశానికి పని చేయగలరు. మొదటగా ఈ చిత్రంతో మొదలుపెడితే, చప్పుడును సంగీతం నుంచి వేరు చేసి వినే అలవాటు మీకు రెండు గంటలలో పడుతుంది. ఆ తరువాత మిగిలిన సినిమాలు తేలికవుతాయి.

సాగరసంగమానికి వచ్చేసరికి పని కష్టమవుతుంది, ఎందుకంటే అక్కడ పాట, నాట్యం, రీరికార్డింగు ఒకదానిలోకి ఒకటి ప్రవహిస్తాయి. పత్రికా కార్యాలయంలో కథానాయకుడు బాలు (కమల్‌హాసన్) నాట్యరీతుల తేడాలను చేసి చూపించే ఘట్టం పాటా, నేపథ్య సంగీతమా? నేను దానిని రీరికార్డింగు కిందనే వేసుకున్నాను. మీరు ఎటు వేసినా కారణం రాసి పెట్టండి. తన పేరు కూడా ఉన్నదని తెలియక బాలు నృత్యోత్సవ ఆహ్వాన పుస్తకంలోని మహామహుల బొమ్మలను చూసుకుంటూ పుటలు తిప్పి, చివరకు తన బొమ్మనే చూసే సన్నివేశాన్ని మూడుసార్లూ వినండి. ఆ చివరి పుట తిరగడానికి ముందు శబ్దం ఏ స్థితిలో ఉంది, తిరిగిన తరువాత ఎన్ని క్షణాలకు మారింది అన్నది గడియారం పెట్టి కొలవండి. నా కొలత మీకు చెప్పను. మీ చెవి మీదనే ఆధారపడాలి. కమల్‌హాసన్ ముఖం చేస్తున్న పనిని సంగీతం మళ్లీ చేయడానికి ప్రయత్నించిందా, లేక పక్కకు తప్పుకుని చోటిచ్చిందా అన్నదే అక్కడ అడగవలసిన ప్రశ్న.

అన్వేషణ రాత్రిపూట వినవలసినది. అడవి, హత్యలు, పక్షుల కూతలకూ సంగీతానికీ ఉన్న సంబంధాన్ని పరిశోధించడానికి వచ్చిన అమ్మాయి: కథలోనే చెవికి ఇంత పని పెట్టిన తెలుగు సినిమా మరొకటి నాకు వెంటనే తోచదు. పక్షి కూతగా వినిపించినది నిజంగా కూతేనా, వాద్యమా అని ప్రతిసారీ నిలిచి చూసుకోండి. భయపెట్టే సన్నివేశాలలో మరొక పరీక్ష కూడా ఉంది: ప్రమాదం తెర మీదకు రాకముందే సంగీతం దానిని బయటపెట్టేసిందా? బయటపెడితే అది ఒక రకం నైపుణ్యం, దాచిపెడితే మరొక రకం. రెండింటినీ ఒకే గడిలో వేయకండి.

శివ చూసేటప్పుడు చప్పుళ్లకు వేరే రంగు సిరా వాడండి. కాలేజీలో సైకిల్ చైను లాగే సన్నివేశం అందరికీ కంఠస్థమే కాబట్టి, అందులో మీకు గుర్తున్న శబ్దాన్ని ముందు రాసుకుని తరువాత సినిమాతో పోల్చండి. జ్ఞాపకం ఎంత కలిపిందో చూసి ఆశ్చర్యపోతారు. గీతాంజలిలో అయితే మరణం మాట, దెయ్యం పేరుతో చేసే అల్లరి, ఊటీ పొగమంచు, మూడూ ఒకే కథలో ఉన్నాయి. అల్లరి నుంచి విషాదానికి మారే చోట వాద్యాలు మారాయా, లేక అవే వాద్యాలు వేరే విధంగా వినిపించాయా అన్నది వెతకండి. శ్రీవారికి ప్రేమలేఖ వంటి హాస్య చిత్రంలో మాటే రాజు. అక్కడ మంచి రీరికార్డింగు అంటే సుత్తి జంట (సుత్తి వీరభద్రరావు, సుత్తి వేలు) మాటకు అడ్డు రాకుండా, నవ్వుకు ముందు కాకుండా తరువాత అడుగు పెట్టేది.

స్వరం తెలియని వారికి

ఒక బిట్ మళ్లీ మళ్లీ వస్తోందని అనుమానం వస్తే దానిని కూనిరాగంగా ఫోనులో రికార్డు చేసుకోండి. సినిమాలోని ఏ పాట వరుసను అది పోలి ఉందో ఆ ముక్కలన్నీ వరసగా వింటే తెలిసిపోతుంది, ఎందుకంటే మన సినిమాలలో పాట వరుసను నెమ్మదిగా, మాటలు లేకుండా, వేణువు మీదనో వాయులీనాల మీదనో తిరిగి వాడడం పరిపాటి. పాట ఇంకా రాకముందే దాని వరుస వినిపిస్తే దానికి ఎక్కువ విలువ ఇవ్వండి. పాట అయిపోయాక వినిపించే వరుస చాలాసార్లు గుర్తుచేయడానికి మాత్రమే. రాగం పేరు తెలియకపోయినా నష్టం లేదు. శంకరాభరణంలో, హిందోళ రాగంలో లేని రిషభ స్వరం పలికినందుకు శంకరశాస్త్రి కూతురిని గద్దించే సన్నివేశంలో, రిషభం అంటే ఏమిటో తెలియని ప్రేక్షకులు కూడా ఉలిక్కిపడ్డారు. మీ చెవికి అంతటి శక్తి ఉన్నదని నమ్మి ముందుకు సాగండి. తెలిసినవారు పక్కన ఉంటే వారిని రాగం పేరు అడగండి గాని, బిట్ బాగుందా అని అడగకండి.

వడపోత

ఇప్పుడు మీ దగ్గర సినిమాకు పదిహేను ఇరవై పంక్తులు ఉంటాయి. ప్రతి సినిమా నుంచి మూడు బిట్‌లకు మించి ఉంచకండి. మూడు కూడా దొరకని సినిమాను, దాని పాటలు ఎంత గొప్పవైనా, జాబితా నుంచి తీసేయండి. నేను ఈ దశలో రెండు పేర్లు కొట్టేయడానికి వారం రోజులు తీసుకున్నాను. ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు వేయవద్దు, ఎందుకంటే హాస్యపు బిట్‌ను విషాదపు బిట్ పక్కన నిలబెట్టి ఎత్తు కొలవడంలో అర్థం లేదు. విడుదల క్రమంలో రాస్తే చాలు, దశాబ్దం మొదట వీణ, వేణువు, మృదంగం వంటి వాద్యాలు ఎంత వినిపించాయో, చివరకు వచ్చేసరికి ఎలక్ట్రానిక్ శబ్దాలు ఎంతవరకు చేరాయో దానంతటదే మీ కంటికి కనబడుతుంది.

ప్రతి నమోదులో సినిమా పేరు, సంవత్సరం, సంగీత దర్శకుడు, మీరు చూసిన కాపీ మొత్తం నిడివి, బిట్ మొదలైన సమయం, ముగిసిన సమయం, ప్రధాన వాద్యం, నచ్చిన కారణం ఒక్క వాక్యంలో ఉండాలి. నిడివి రాయకపోతే వేరే కాపీ చూసేవారికి మీ సమయాలు సరిపోవు. కారణం రాసేటప్పుడు ‘అద్భుతం’, ‘అమోఘం’ అన్న మాటలు వాడవద్దని నియమం పెట్టుకోండి. ‘అమ్మ మాట ముగిసిన తరువాత రెండు క్షణాలు ఆగి వేణువు వచ్చింది’ అని రాస్తే చదివినవారు ఆ చోటికి వెళ్లి వినగలుగుతారు. జాబితాను ఇతరులకు పంపేటప్పుడు బిట్‌లను కత్తిరించి జత చేయకుండా సమయాలు మాత్రమే ఇవ్వండి: హక్కుల చిక్కు ఉండదు, పైగా వారు ఆ సన్నివేశాన్ని ముందు వెనుకలతో సహా చూస్తారు. ఆరు నెలల తరువాత అదే పోగును వేరే ఇయర్‌ఫోన్లతో మళ్లీ విని, మారిన అభిప్రాయాలను పాత వాక్యం కొట్టేయకుండా దాని కిందనే తేదీ వేసి రాసుకోండి.